గ్లెన్ గూల్డ్ రెండు గోల్డ్‌బర్గ్‌లు: మూడు సీడీల సెట్టుపై సమీక్ష

సోనీ సంస్థ 2002లో 'ఎ స్టేట్ ఆఫ్ వండర్' అనే పేరుతో మూడు సీడీల సెట్టు ఒకటి విడుదల చేసింది. కెనడాకు చెందిన పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్, పద్దెనిమిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త బాక్ రచించిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌ను 1955లో ఒకసారి, 1981లో మరొకసారి రికార్డు చేశాడు. మొదటి రెండు డిస్కుల్లో ఆ రెండు రికార్డింగులూ ఉన్నాయి. మూడో డిస్కులో 1982లో విమర్శకుడు టిమ్ పేజ్‌తో ఆయన జరిపిన సంభాషణ, 1955 నాటి స్టూడియోలో మిగిలిపోయిన కొన్ని ముక్కలు ఉన్నాయి. మొదటిది 38 నిమిషాలు పైచిలుకు, రెండోది 51 నిమిషాలు పైచిలుకు. రచన ఒక్కటే, వాయించినవాడూ ఒక్కడే, రికార్డు చేసిన స్టూడియో కూడా న్యూయార్క్ 30వ వీధిలో ఉన్న ఆ పాత చర్చి భవనమే. తేడా ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్నకు ఈ సెట్టు గురించి రాసిన చాలామంది ఇచ్చే జవాబు ఒకటే: మొదటిది పడుచుతనపు దూకుడు, రెండోది వయసు తెచ్చిన నింపాది. నాలుగైదేళ్ళుగా వింటున్న మీదట ఆ జవాబు నాకు సగం తప్పనిపిస్తోంది.

సరుకు సంగతి ముందు చెప్పి పక్కన పెడతాను. నేను దీన్ని ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర తెప్పించుకున్నాను. మూడు వారాలన్నది ఏడు వారాలయింది, పెట్టె చేతికి వచ్చేసరికి రెండో డిస్కును పట్టి ఉంచే ప్లాస్టిక్ పళ్ళు విరిగి డిస్కు లోపల గలగలలాడుతోంది. అదృష్టం బాగుండి గీతలు పడలేదు. ఫిర్యాదు పెడితే క్షమాపణ వచ్చింది తప్ప కొత్త పెట్టె రాలేదు. తెప్పించుకునేవారు, వీలైతే, డిస్కుల స్థితి గురించి ముందే అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోవడం మంచిది.

ఈ రచన గురించి కర్ణాటక సంగీతం వింటూ పెరిగినవారికి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే నేను మొదట్లో దారి తప్పింది ఇక్కడే. 1741లో అచ్చయిన ఈ రచనను బాక్ రెండు వరుసల మెట్లున్న హార్ప్సికార్డ్ అనే, పియానో కంటే పాత తీగల వాద్యం కోసం రాశాడు. మొదట 'ఆరియా' అనే నెమ్మదైన పాట, దాని తరువాత 30 వేరియేషన్లు, చివర మళ్ళీ అదే ఆరియా. వేరియేషన్ అనగానే ఆరియాలోని పాటే రకరకాల సంగతులతో తిరిగి తిరిగి వస్తుందని ఎదురుచూశాను. అది రాదు. తిరిగి వచ్చేది పైన వినిపించే పాట కాదు, కింద ఎడమచేయి నడిపే మంద్ర స్వరాల వరుస. పల్లవి సాహిత్యం కనిపించకుండా పోయి, దాని ఆవర్తనం మాత్రం మిగిలి, ఆ ఆవర్తనం మీద ముప్పై సార్లు కొత్త కల్పన జరిగితే ఎలా ఉంటుందో ఇంచుమించు అలా ఉంటుంది. ఆ సంగతి తెలిశాక ఎడమచేతి వైపు చెవి పెట్టి విన్నాను, అప్పటిదాకా చిక్కుపడి ఉన్న దారపుండ దానంతటదే విడింది.

ప్రతి మూడో వేరియేషన్ ఒక 'కానన్', అంటే ఒక గొంతు ఎత్తుకున్న పాటనే రెండో గొంతు కొంచెం వెనకగా అందుకుని వెంబడించడం. మూడో దానిలో రెండు గొంతులూ ఒకే స్వరం మీద ఎత్తుకుంటాయి, ఆరో దానిలో ఒక మెట్టు తేడాతో, తొమ్మిదో దానిలో రెండు మెట్ల తేడాతో, అలా పెరుగుతూ ఇరవై ఏడో దానికి ఎనిమిది మెట్ల ఎడం వస్తుంది. ముప్పయ్యో చోట మరో కానన్ రావాల్సి ఉండగా బాక్ నవ్వేసి, జనం పాడుకునే పాటలను ఒకదాని మీద ఒకటి పేర్చాడు. అందులో ఒకటి క్యాబేజీ, టర్నిప్ తినలేక ఇల్లు వదిలిపోయానని, అమ్మ మాంసం వండి ఉంటే ఇంకొన్నాళ్ళు ఉండేవాణ్ణని ఒకడు వాపోయే పాట. అంత పెద్ద లెక్కకట్టిన నిర్మాణం చివర ఈ కూరల గొడవ వినిపించడం నాకు ఎప్పటికీ ఇష్టమైన విషయం. నిద్రపట్టని ఒక ప్రభువు కోసం గోల్డ్‌బర్గ్ అనే కుర్రవాడు దీన్ని రాత్రుళ్ళు వాయించేవాడన్న కథ ఒకటి ప్రచారంలో ఉంది. 1802లో అచ్చయిన బాక్ జీవితచరిత్రలో ఉన్న ఆ కథను పండితులు చాలామంది నమ్మరు, ఆ కుర్రవాడికి అప్పటికి పద్నాలుగేళ్ళు కావడం ఒక కారణం.

గూల్డ్ 1932 సెప్టెంబరు 25న టొరంటోలో పుట్టాడు. మొదటి గురువు తల్లి, ఆ తరువాత చిలీ నుంచి వచ్చి టొరంటోలో స్థిరపడిన అల్బర్టో గెరెరో. భుజాల బరువు వాడకుండా, వేళ్ళను మెట్లకు దగ్గరగా పెట్టి, ఒక్కొక్క స్వరాన్నీ విడివిడిగా గిల్లినట్టు పలికించే ఆ వాయింపు గెరెరో దగ్గర అబ్బింది. అందుకు వీలుగా ఆయన చాలా కిందికి కూర్చునేవాడు. 1953లో తండ్రి ఒక మడతకుర్చీ కాళ్ళు కోసి, నేలకు 14 అంగుళాల ఎత్తులో ఉండేలా తయారుచేసి ఇచ్చాడు. ఆ కుర్చీనే ఆయన జీవితాంతం ప్రపంచమంతా మోసుకు తిరిగాడు. కూర్చునే భాగం చిరిగి పోయి చట్రం మాత్రమే మిగిలినా మార్చలేదు. వాయిస్తుంటే అది కిర్రుమనేది. రికార్డింగు చేసేవారికి అదొక తలనొప్పి, దానికి తోడు ఆయన కూనిరాగం మరో తలనొప్పి. హెడ్‌ఫోన్‌లో రెండో డిస్కు వింటూ ఒకసారి మా ఆవిడకు ఒక చెవి ఇచ్చాను. అర నిమిషం విని, "లోపల ఎవరో మూలుగుతున్నారండీ, ఒంట్లో బాగాలేదా ఆయనకి?" అంది.

1955 జనవరిలో ఆయన మొదట వాషింగ్టన్‌లోను, తరువాత 11వ తేదీన న్యూయార్క్ టౌన్ హాల్‌లోను వాయించాడు. కార్యక్రమంలో స్వీలింక్, గిబ్బన్స్, బాక్, బెర్గ్, వెబెర్న్ వంటి స్వరకర్తల రచనలున్నాయి. షోపాన్, లిస్ట్ లేరు. కొత్తగా రంగం మీదికి వచ్చిన ఇరవై రెండేళ్ళ కుర్రవాడు జనం చప్పట్లు కొట్టే సరుకంతా పక్కనపెట్టి కూర్చున్నాడన్న మాట. కొలంబియా రికార్డుల సంస్థ మరునాడే ఒప్పందానికి సిద్ధపడింది. తొలి రికార్డుకు ఏం వాయిస్తావంటే ఆయన కోరుకున్నది గోల్డ్‌బర్గ్. అప్పటికి ఇది హార్ప్సికార్డ్ వారి సొత్తుగా, ఇతరులకు వ్యాయామంగా మాత్రమే చెలామణి అయ్యే రచన.

జూన్ నెలలో, ఎండలు కాస్తుండగా, కోటు, మఫ్లరు, చేతి తొడుగులతో స్టూడియోకి వచ్చాడు. వెంట మడతకుర్చీ, తువ్వాళ్ళు, మాత్రల సీసాలు, తాగడానికి సొంత నీళ్ళు. వాయించే ముందు మోచేతులదాకా ఇరవై నిమిషాలు వేడినీళ్ళలో నానబెట్టుకున్నాడు. ఇదంతా కొలంబియావారు పత్రికలకు ఉత్సాహంగా చెప్పుకున్నారు. నా దృష్టిలో అంతకంటే విలువైన సంగతి ఆయనే తరువాత ఒక వ్యాసంలో రాసినది: ఆరియాను ఇరవై సార్లు వాయించి పక్కన పడేశాడు. రాబోయే ముప్పై వేరియేషన్ల లోతును ముందే బయటపెట్టని, ఏ భావమూ పైకి తేలని ఒక స్వభావం ఆ పాటకు కావాల్సి వచ్చింది, ఆ ఇరవై ప్రయత్నాలూ దాన్ని వెతకడానికి పోయాయి. దూకుడు మీద ఉన్న కుర్రవాడు చేసే పని కాదిది.

ఈ మొదటి డిస్కు మోనో రికార్డింగు. అయినా ధ్వని పొడిగా, స్పష్టంగా, ప్రతి స్వరమూ కంటికి కనిపించేంత దగ్గరగా ఉంటుంది. ఐదో వేరియేషన్ దాదాపు 37 సెకన్లలో ముగుస్తుంది. రెండు వరుసల మెట్ల మీద విడివిడిగా తిరగడానికి రాసిన రెండు చేతులూ పియానోమీద ఒకే వరుసలో ఒకదాని మీదుగా ఒకటి దూకుతూ పోవాలి. ఆ వేగంలో కూడా ఎడమచేతి స్వరం ఒక్కటైనా కుడిచేతి కింద నలగదు. మొదటిసారి విన్నప్పుడు వేగం వినిపిస్తుంది, పదోసారి విన్నప్పుడు ఆ విడివిడితనం వినిపిస్తుంది. 1956 జనవరిలో రికార్డు బయటికి వచ్చింది, ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది.

తరువాతి ఎనిమిదేళ్ళు కచేరీ జీవితం. 1957 మే నెలలో మాస్కో వెళ్ళాడు. ఎవరికీ తెలియని కెనడా కుర్రవాడి కచేరీకి మొదటి సగంలో హాలు చాలావరకు ఖాళీ. విరామంలో విన్నవాళ్ళంతా ఫోన్ల దగ్గరికి పరుగెత్తి స్నేహితులకు కబురు పెట్టారు, రెండో సగానికి హాలు నిండిపోయింది. ఏ కళాకారుడైనా జన్మంతా చెప్పుకోదగిన రాత్రి అది. ఆయనకు మాత్రం ప్రయాణాలు, హోటళ్ళు, చలి, ప్రతి ఊళ్ళోనూ కొత్త పియానో, అన్నిటికంటే ఎక్కువగా వేయి జతల కళ్ళు, ఇవన్నీ భరించలేనివయ్యాయి. కచేరీలో తప్పు పలికిన వాక్యాన్ని మళ్ళీ పలికే వీలు లేకపోవడం ఆయనకు అన్యాయంగా తోచింది. 1962 ఏప్రిల్‌లో న్యూయార్క్‌లో వాద్యబృందంతో కలిసి బ్రామ్స్ కంచెర్టో వాయించబోయే ముందు, గూల్డ్ ఎంచుకున్న నెమ్మది నడకతో తాను ఏకీభవించడం లేదని ఆ బృందాన్ని నడిపించే లెనార్డ్ బెర్న్‌స్టైన్ సభకు చెప్పి మరీ బేటన్ ఎత్తాడు. అదే ఏడాది గూల్డ్ చప్పట్లను నిషేధించాలని ఒక వ్యాసం రాశాడు. ఈ సెట్టు పేరు ఆ వ్యాసం నుంచే తీసుకున్నారు: కళ క్షణకాలపు ఉద్రేకం కోసం కాదు, జీవితమంతా కొద్దికొద్దిగా కట్టుకునే ఆశ్చర్యం, ప్రశాంతత కోసం అన్న అర్థం వచ్చే వాక్యం నుంచి. 1964 ఏప్రిల్ 10న లాస్ ఏంజెలిస్‌లో వాయించినదే ఆయన చివరి బహిరంగ కచేరీ. అప్పటికి ఆయన వయసు 31.

మన కచేరీ సంప్రదాయంలో పెరిగిన శ్రోతకు ఇది మింగుడుపడని సంగతి. రసికులు ఎదురుగా తల ఊపితేనే మనోధర్మం విచ్చుకుంటుందని మనం నమ్ముతాం, అది చాలావరకు నిజం కూడా. ఎదుట ఒక్క ప్రాణి కూడా లేని గదిలో, ముక్కలు ముక్కలుగా వాయించి, వాటిలో మంచివాటిని టేపు కోసి అతికించినదాన్ని సంగీతమని ఒప్పుకోవడానికి నాకు సమయం పట్టింది. ఒప్పించినది ఏ వాదనా కాదు, ఈ రెండో డిస్కే.

కచేరీ మానేశాక ఆయన ఖాళీగా కూర్చోలేదు. కెనడా రేడియోకు కార్యక్రమాలు తయారుచేశాడు, వ్యాసాలు రాశాడు, బాక్ కీబోర్డు రచనల్లో ఎక్కువభాగం రికార్డు చేశాడు. ఆయన ప్రాణంగా చూసుకున్న సీడీ 318 అనే స్టైన్‌వే పియానో 1971లో రవాణాలో కిందపడి దాని ఇనుప చట్రం పగిలింది. మరమ్మతు చేశారు గాని పాత పలుకు రాలేదు. 1977లో అంతరిక్షంలోకి వెళ్ళిన వాయేజర్ నౌకల బంగారు రికార్డులో ఆయన వాయించిన బాక్ ముక్క ఒకటి ఉంది, మన కేసర్‌బాయి కేర్కర్ భైరవి ఉన్నదీ ఆ రికార్డులోనే.

1981 వసంతంలో మళ్ళీ అదే స్టూడియోకి, అదే మడతకుర్చీతో, ఈసారి ఒక యమహా పియానో ముందుకు వచ్చాడు. ఆరియా మొదటి డిస్కులో రెండు నిమిషాలలోపు, ఇక్కడ మూడు నిమిషాలు దాటుతుంది. ఒక్కొక్క స్వరం నీళ్ళలో వేసిన రాయిలా మునిగాక గాని రెండోది పడదు. ఇది విన్నవారందరూ వృద్ధాప్యపు ప్రశాంతత అంటారు. ఆయనకు అప్పుడు 48 ఏళ్ళు! మన సంగీతంలో 48 అంటే గొంతు పండే వయసు.

నేను ఎవరినైనా విని చూడమని కోరేది 25వ వేరియేషన్. మొత్తం రచనలో అతి విషాదమైనది, మైనర్ అనే విషాదఛాయ స్వరశ్రేణిలో నడిచేది. వయసు వాదం నిజమైతే రెండో డిస్కులో ఇది ఇంకా సాగాలి. తీరా గడియారం చూస్తే, మొదటి దానిలో ఆరున్నర నిమిషాలకు దగ్గర, రెండో దానిలో ఆరు నిమిషాలు మాత్రమే. 1955లో ఆయన ఆ పాటను లాగి, ఆపి, నిట్టూర్చి, ఎదుట ఎవరో కంటతడి పెట్టాలన్నట్టు వాయించాడు. మూడో డిస్కులోని సంభాషణలో తన పాత వాయింపు గురించి మాట్లాడుతూ, ఇక్కడ పియానో వాయించడం మరీ ఎక్కువైందని ఎగతాళి చేస్తాడు. 1981లో ఆ నిట్టూర్పు లేదు. కాలప్రమాణం చెదరదు. దుఃఖం ఉంది గాని దాన్ని ఎవరికీ చూపించే ప్రయత్నం లేదు.

కాలప్రమాణం అన్న మాట కావాలనే వాడుతున్నాను. మొదటి రికార్డింగులో ఒక్కొక్క వేరియేషన్ ఒక్కొక్క వేగం, ముప్పై వేర్వేరు ముక్కలు. రెండో దానిలో మొత్తానికి ఒక మూల లయ ఉంటుంది, ఒక వేరియేషన్ నుంచి తరువాతి దానికి వెళ్ళేటప్పుడు ఆ లయ రెట్టింపో, సగమో, మూడింట రెండో అవుతుంది తప్ప తెగిపోదు. వర్ణం రెండు కాలాల్లో పాడటం, పల్లవిలో తిస్రం చేయడం ఎరిగిన శ్రోతకు ఇది ఎవరూ వివరించకుండానే పట్టుబడుతుంది. తొడ మీద తాళం వేస్తూ వినండి, 16వ వేరియేషన్ మధ్యలో వేగం మారే చోట కూడా చేయి తడబడదు. కానన్లలో మొదటి సగాన్ని రెండుసార్లు వాయించడం కూడా నిడివి పెరగడానికి ఒక కారణం, మొదటిసారి అసలు పునరావృత్తులే తీసుకోలేదు. కాబట్టి 13 నిమిషాల తేడాను నెమ్మదితనం ఖాతాలో మొత్తంగా వేయడం సరికాదు. ఐదో వేరియేషన్ ఇక్కడా 37 సెకన్లే!

నాకు అర్థమైనది ఇది: ఈ రెండు డిస్కుల మధ్య ఉన్నది 26 ఏళ్ళ వయసు కాదు, 17 ఏళ్ళపాటు సభ లేకపోవడం. మొదటి దానిలో అంత అదుపులోనూ ఒక వినిపించాలన్న ఆత్రం ఉంది, కచేరీ వేదిక ఎక్కబోతున్న వాడి ఆత్రం. రెండోదానిలో ఆ ఆత్రానికి ఎదుటివాడు లేడు. దానివల్ల పోయింది కూడా ఉంది, అది దాచను: 1981 వాయింపులో కొన్నిచోట్ల, ముఖ్యంగా మొదటి వేరియేషన్‌లో, ప్రతి స్వరాన్నీ కత్తిరించి పెట్టినట్టుండే బిగుతు నాకు ఊపిరాడనివ్వదు. అక్కడ పాత కుర్రవాడే మేలు.

ధ్వని విషయంలో ఈ సెట్టు చేసిన ఒక మంచి పనిని తప్పక చెప్పాలి. 1981 రికార్డింగు డిజిటల్ పద్ధతి కొత్తగా వచ్చిన రోజుల్లోది, మొదట విడుదలైనది ఆ డిజిటల్ ప్రతే. అప్పుడే సమాంతరంగా అనలాగ్ టేపు మీద కూడా పట్టి ఉంచారు. 2002లో ఆ టేపులను తీసి, ఆయన ఎంచుకున్న ముక్కల ప్రకారమే మళ్ళీ కూర్చారు. పాత ప్రతిలో పియానో పైస్థాయి గాజుముక్కలా గీరుకునేది, ఇందులో ఆ కరకుదనం తగ్గి మంద్రం నిండుగా వచ్చింది. మూల స్వరవరుస అంతా ఎడమచేతిలోనే ఉన్న రచనకు ఇది చిన్న మేలు కాదు. ఫోన్‌లో వినేవారు పాటల మధ్య కలిపివేసే సెట్టింగును తీసివేయాలి, లేకపోతే ఒక వేరియేషన్ తోక రెండోదాని తల మీద పడి పైన చెప్పిన లయ లెక్క అంతా చెడుతుంది.

మూడో డిస్కు మీద నాకు అంత మోజు లేదు. సంభాషణ చమత్కారంగా ఉంటుంది గాని, ప్రశ్నలూ జవాబులూ చాలావరకు గూల్డ్ ముందే రాసిపెట్టుకున్నవి. ఆ సంగతి తెలిశాక నవ్వులు కూడా రిహార్సల్ చేసినవేమో అనిపిస్తుంది. స్టూడియో ముక్కలు నయం, అమెరికా జాతీయగీతాన్నీ బ్రిటిష్ జాతీయగీతాన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి వాయించి కుర్రవాడు మురిసిపోవడం అందులో వినిపిస్తుంది. రెండుసార్ల కంటే ఎక్కువ నేను ఆ డిస్కు పెట్టలేదు.

రెండో రికార్డింగు 1982 సెప్టెంబరులో విడుదలైంది. 25న ఆయనకు 50 నిండాయి, 27న పక్షవాతం వచ్చింది, అక్టోబరు 4న చనిపోయాడు. టొరంటోలో ఆయన సమాధిరాయి మీద ఆరియా మొదటి స్వరాలు చెక్కి ఉంటాయి. సంస్మరణ ప్రార్థన చివర వినిపించినది ఈ డిస్కులోని ఆరియానే, ఎవరో వాయించినది కాదు. ఒకే డిస్కు కొనే స్తోమతు ఉన్నవారికి నేను రెండోదే చెబుతాను. రెండూ ఉన్నవారు మాత్రం వరుసగా వినవద్దు, రెండు 25వ వేరియేషన్లను పక్కపక్కన పెట్టి, రాత్రి తొమ్మిది దాటాక, వీధిలో హారన్లు తగ్గాక వినండి.